నిజాయితీ గురించి అడిగితే...

పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఉద్యోగానికి ప్రయత్నించే గృహిణులు మనలో చాలామందే ఉన్నారు. ఇంటర్వ్యూలో "మీ నిజాయితీ మాటేమిటి?" అని అడగ్గానే, "నేనెప్పుడూ అబద్ధమాడలేదండీ" అనేస్తాం. వినేవారు నమ్మరు సరికదా, అదే మొదటి అబద్ధమనుకుంటారు!

అంతకంటె, జరిగిన సంగతి ఒకటి చెప్పండి. మహిళా సంఘం పద్దులో 50 రూపాయలు తేడా వచ్చిందా? ఎలా పట్టుకున్నారు, ఎవరికి చెప్పారు, తర్వాత ఏ జాగ్రత్త తీసుకున్నారు? ఈ మూడూ చాలు.

"పై అధికారి దొంగ బిల్లు రాయమంటే?" అన్నారనుకోండి. రాయలేనని ముందు ఆయనకే మర్యాదగా చెబుతాననీ, వినకపోతే ఆ పైవారికి తెలియజేస్తాననీ అనండి. పాత యజమాని గుట్టు మాత్రం విప్పకండి. రేపు మా గుట్టూ ఇంతేగా అనుకుంటారు.

ఇవి తేలిగ్గా తీసుకునే ప్రశ్నలు కావు. సివిల్ సర్వీసెస్ మెయిన్ పరీక్షలో 2013 నుంచి నైతికత, నిజాయితీల మీద 250 మార్కులకు ఒక పేపరే పెట్టారు.

ఇంటిపట్టున గడిపిన పదేళ్ళనూ దాచకండి. పిల్లల్ని పెంచానని చెప్పడానికి సిగ్గెందుకు? లేని అనుభవం రాసి తెచ్చుకున్న ఉద్యోగం, ఎప్పుడు బయటపడుతుందోనని కంటిమీద కునుకు పట్టనివ్వదు. ఉన్నది చెప్పి తెచ్చుకున్నది చిన్నదైనా, నిశ్చింతగా మనది.