వేర్ మర్చిపోతే టేబుల్ మొత్తం గోవిందా! ఎస్‌క్యూఎల్‌తో జాగ్రత్తగా మాట్లాడటం ఎలా?

పోయిన ఎపిసోడ్‌లో టేబుల్, రో, కాలమ్ అంటే ఏంటో చూశాం కదా. ఈరోజు ఆ టేబుళ్లతో మాట్లాడే భాష గురించి చెప్తాను. అదే ఎస్‌క్యూఎల్. కొందరు సీక్వెల్ అంటారు. రెండూ కరెక్టే, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు ఒక విషయం. డేటాబేస్ అంటే ఎక్కడో పెద్ద కంపెనీ సర్వర్లలోనే ఉంటుందని అనుకోకండి. మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఇంజిన్ ఫోన్‌తో పాటే వస్తుంది. ఆండ్రాయిడ్‌లో మీ కాంటాక్ట్స్, వాట్సాప్ చాట్లు ఉండేది ఇలాంటి టేబుళ్లలోనే.

ఇక కథలోకి వద్దాం. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఒక పేపర్ రాశారు. అప్పటిదాకా డేటా కావాలంటే అది ఎక్కడుందో, ఏ దారిలో వెళ్తే దొరుకుతుందో ప్రోగ్రామరే రాయాలి. కాడ్ ఏమన్నారంటే, డేటాని టేబుళ్లలాగా చూడండి, మీకేం కావాలో అది చెప్పండి చాలు, ఎలా తేవాలో మెషీన్ చూసుకుంటుంది అని. హోటల్‌కి వెళ్లి "ఒక మసాలా దోశ" అంటాం. వంటింట్లోకి వెళ్లి పెనం ఎంత వేడి చేయాలో చెప్పం కదా! అలాగన్నమాట.

కానీ కాడ్ ఆలోచన అంతా లెక్కల భాషలో ఉంది. దాన్ని మామూలు ఇంగ్లీష్ మాటల్లోకి తెచ్చింది అదే ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్. 1974లో వాళ్లు పెట్టిన పేరు సీక్వెల్. ఆ పేరు అప్పటికే ఒక బ్రిటిష్ విమాన కంపెనీ ట్రేడ్‌మార్క్. దాంతో ఎస్‌క్యూఎల్ అని కుదించారు. 1986లో ఇది అమెరికాలో స్టాండర్డ్ అయింది.

ఈ భాషలో ముఖ్యంగా రెండు భాగాలు. మొదటిది డీడీఎల్. ఇది టేబుల్ ఆకారం చెప్తుంది: క్రియేట్, ఆల్టర్, డ్రాప్. రెండోది డీఎంఎల్. ఇది లోపలున్న డేటాతో పని చేస్తుంది: ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్, సెలెక్ట్. ఇల్లు కట్టడం డీడీఎల్, ఇంట్లో సామాను సర్దడం డీఎంఎల్ అని గుర్తుపెట్టుకోండి. డిలీట్ చేస్తే సామాను పోతుంది, ఇల్లు ఉంటుంది. డ్రాప్ చేస్తే ఇల్లే పోతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. ఒక కాలేజీలో స్టూడెంట్స్ అనే టేబుల్ ఉందనుకోండి. 27వ రోల్ నంబర్ స్టూడెంట్ ఫీజు కట్టేశాడు. మనం ఇలా రాస్తాం:

అప్‌డేట్ స్టూడెంట్స్ సెట్ బకాయి = 0 వేర్ రోల్ = 27;

చివర్లో ఉన్న ఆ వేర్ ముక్క రాయలేదనుకోండి, కాలేజీలో అందరి బకాయి సున్నా అయిపోతుంది! ఎర్రర్ రాదు. ఎందుకంటే భాష ప్రకారం అది తప్పు కాదు, మీరు "అందరికీ" అన్నట్టే లెక్క. అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. ముందు అదే వేర్‌తో సెలెక్ట్ రాసి ఎన్ని రోలు వస్తున్నాయో చూడండి. తర్వాత బిగిన్ అని మొదలుపెట్టి అప్‌డేట్ చేయండి. తేడాగా ఉంటే రోల్‌బ్యాక్, బాగుంటే కమిట్. ఒక్కసారి కమిట్ అయ్యాక రోల్‌బ్యాక్ పనిచేయదు, ఇక బ్యాకప్పే దిక్కు. ఇంకోటి, మైఎస్‌క్యూఎల్‌లో, ఒరాకిల్‌లో డ్రాప్ టేబుల్ కొడితే దానంతటదే కమిట్ అయిపోతుంది. అక్కడ రోల్‌బ్యాక్ మీద ఆశ పెట్టుకోకండి.

ఇంతకన్నా నిశ్శబ్దంగా దెబ్బకొట్టేది నల్. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ మాట కూడా కాదు. "తెలియదు" అని అర్థం. గుంటూరు కాని వాళ్లకి హాస్టల్ సీట్లు ఇవ్వాలి, లిస్ట్ తీయమన్నారు. "వేర్ ఊరు <> 'గుంటూరు'" అని రాశారు. ఫారంలో ఊరు నింపని అమ్మాయి పేరు ఆ లిస్ట్‌లో రాదు. ఎందుకు? ఆమె ఊరు తెలియదు కాబట్టి, "గుంటూరు కాదా?" అంటే జవాబు కూడా తెలియదే. వేర్‌కి కచ్చితంగా "అవును" వస్తేనే రోని లోపలికి రానిస్తుంది. పాపం, ఆమె సీటు పోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. "ఆర్ ఊరు ఈజ్ నల్" అని కలిపితే ఆమె పేరూ వస్తుంది, అప్పుడు అడిగి కనుక్కోవచ్చు. "ఊరు = నల్" అని మాత్రం రాయకండి, ఒక్క రో కూడా రాదు.

ప్రాక్టీస్‌కి ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, ప్లేస్టోర్‌లో ఎస్‌క్యూలైట్ నేర్చుకునే యాప్‌లు ఉన్నాయి. పది రోలతో చిన్న టేబుల్ చేసుకోండి, రెండింటిలో ఫోన్ నంబర్ ఖాళీగా వదలండి. కౌంట్ స్టార్ ఒకసారి, కౌంట్ ఫోన్ ఒకసారి కొట్టండి. ఒకటి 10 అంటుంది, ఇంకోటి 8 అంటుంది. ఎందుకో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో జాయిన్స్‌తో కలుద్దాం. ఉంటాను మరి!