పెద్ద గుండు, మనిషి చేయి

చేతితుపాకులలో ఏది బలమైనది? గొట్టము ఎంత వెడల్పైనచో అంత బలమని పలువురి తలంపు. కాని ఆ బలమును భరింపవలసినది ఒక మనుష్యుని మణికట్టు. ఈ సంగతి విస్మరించుటచే ప్రాణములు పోవు ప్రమాదము కలదు. అందుచే ఈ ప్రసంగమున మేము బలముతోబాటు వాడుకను గూడ తూచి చూడదలచినాము.

ముందుగా కొలతల మాట. 45 కాలిబరు అనగా అంగుళములో నూరింట 45 పాళ్లు, అనగా దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. గుండు బరువు రెట్టింపైనచో దాని శక్తి రెట్టింపగును. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును.

ఫిలిప్పైన్సు దీవులలో మోరో యోధులతో పోరాడిన అమెరికా సైనికులు, తమ 38 కాలిబరు రివాల్వర్లు మీదికి దూకువానిని ఆపజాలకున్నవని మొరపెట్టుకొనిరి. 1904లో థాంప్సన్, లగార్డ్ అను ఇద్దరు అధికారులు చికాగో పశువధశాలలలో పరీక్షలు జరిపి, 45కు తక్కువైన కాలిబరు తగదని తేల్చిరి. అయితే గుండు మర్మస్థానమున తగులనిచో ఫలితము లేదనియు, గురిసాధన ఎడతెగక జరుగవలెననియు వారే హెచ్చరించిరి. 1911లో బ్రౌనింగ్ రూపొందించిన 45 పిస్తోలును సైన్యము స్వీకరించినది.

బ్రిటిషువారి అనుభవము ఇందుకు విరుద్ధముగా నడచినది. మన దేశమున సైతము వారి అధికారుల నడుములకు వ్రేలాడిన వెబ్లీ రివాల్వరు 45కు కించిత్తు మించినదే. మొదటి ప్రపంచయుద్ధానంతరము వారు, కొలది శిక్షణతోనే గురి కుదురునట్టి 38 కాలిబరునకు దిగి, 1932లో ఎన్‌ఫీల్డు రివాల్వరును చేపట్టిరి.

1911 నాటి 45 గుండు సుమారు 15 గ్రాముల బరువు. వేగము సెకనుకు 250 మీటర్లు. 1955లో వెలువడిన 44 మాగ్నం గుండు బరువు రమారమి అంతే. వేగము మాత్రము 400 మీటర్లు దాటును. శక్తి దాదాపు మూడు రెట్లు. తుపాకి బరువు పెరగనిచో వెనుకకు తన్ను తన్నును ఆ పాళ్లలోనే పెరుగును. అమెరికాలో దుప్పుల వేటకును, ఎలుగుల నుండి ఆత్మరక్షణకును దీనికి మన్నన కలదు. 2003లో వచ్చిన 500 మాగ్నం ఇంకను ఘనమైనది. దాని పొడుగు గొట్టపు రివాల్వరు రెండు కిలోల బరువు తూగును. చక్రములో ఆరు తూటాలకు మారుగా అయిదే పట్టును. అంత బరువును దినమెల్ల నడుమున మోయువారు అరుదు. జనసమ్మర్దమున అట్టి గుండు ఒకని దేహమును దాటి వెనుకనున్న నిరపరాధిని గూడ బలిగొనవచ్చును.

1986లో మియామీ కాల్పులలో ఇద్దరు ఉద్యోగులను కోల్పోయిన ఎఫ్.బి.ఐ. సంస్థ, తదుపరి బలమైన 10 మిల్లీమీటర్ల తూటాను ఎంచుకొన్నది. తన్ను మిక్కుటమగుటచే వేగము తగ్గించిన తూటాలు వాడవలసి వచ్చినది. తుదకు 2015 ప్రాంతమున ఆ సంస్థ 9 మిల్లీమీటర్లకే మరలినది. ఆనాటికి గుండ్ల నిర్మాణము మెరుగుపడినది; తన్ను తక్కువగుటచే రెండవ గుండును వేగముగా, గురిగా ప్రయోగింప వీలైనది.

కావున కాలిబరు పెద్దదా, చిన్నదా అని అడుగుటకు ముందు, ఎందులకు, ఎవరి చేతికి అని అడుగవలెను. మహామృగము నెదుర్కొనువానికి పెద్ద గుండు అవసరమే. మనుష్యుల నడుమ విధి నిర్వహించువానికి మాత్రము తన అదుపులో నుండు బలమే బలము. గురి తప్పిన గుండు ఎంత పెద్దదైనను, దానివలన కలుగు కీడే పెద్దదగును.