దినచర్య చెప్పుకొనుటకు నాలుగు ఇంగ్లీషు మాటలు

(హొసకోటెలో మన సంఘము పక్షమున పెద్దలకై నెలకొల్పిన ఆదివారపు ఇంగ్లీషు తరగతి తొలినాడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతికి వచ్చి కూర్చున్న వారిలో మనుమలను ఎత్తిన అమ్మమ్మలు ఉన్నారు. అంగడి తలుపులు వేసి వచ్చిన వర్తకులు ఉన్నారు. వంట ముగించుకొని పరుగున వచ్చిన కోడండ్రు ఉన్నారు. ఈ వయసున ఇంగ్లీషేమిటని ఇంట నవ్విన వారును ఉండవచ్చును. ఆ నవ్వును లెక్కింపక వచ్చినందులకు ముందుగా మీకు మా అభినందనములు.

మన కుటుంబములు తరతరములుగా ఈ హొసకోటెలోను చుట్టుపట్ల పల్లెలలోను నివసించుచున్నవి. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. ఈ రెండింటితోనే మన పెద్దల జీవితము నిండుగా గడచినది. సంతలో బేరమునకు గాని, పొలము గట్టున మాటకు గాని, పెండ్లి పిలుపునకు గాని మూడవ భాషతో వారికి పని లేకపోయెను. నేడు పాత మద్రాసు రోడ్డు పొడవున కర్మాగారములు, గిడ్డంగులు వెలసినవి. పిల్లల బడినుండి వచ్చు కాగితము ఇంగ్లీషులో నున్నది. మందుల అట్టమీది వ్రాత ఇంగ్లీషులో నున్నది. వైద్యశాలలో మన యెదుట కూర్చున్న యువవైద్యుడు ఉత్తర దేశమువాడైనచో అతనికి మన తెలుగును రాదు, కన్నడమును రాదు.

మాకు తెలిసిన ఒక యింటి సంగతి చెప్పెదము. ఆ యింటి పెద్దమ్మగారు రక్తపుపోటునకు ప్రతిదినము ఉదయము ఒక మాత్ర వేసికొందురు. ఒకనాడు తోడు ఎవరును దొరకక ఆమె ఒంటరిగా ఒక వైద్యశాలకు పోవలసివచ్చెను. మాత్ర సంగతి వైద్యుడు ఇంగ్లీషులో అడిగెను. ఆమె మనుమరాలి వద్ద విన్న మాటలు కూడబలుకుకొని, ధైర్యముగా, "ఐ విల్ టేక్ మార్నింగ్" అనిరి. ఆమె మనసులో నున్నది "ఉదయం వేసుకుంటాను" అను మన తెలుగు మాటయే. వైద్యుడు మాత్రము "ఇకమీదట ఉదయము వేసికొందును" అని గ్రహించెను. ఇంతవరకు ఆమె మందే వాడుట లేదనుకొనెను. కొలిచి చూడగా పోటు హెచ్చుగా నుండెను. మందు వాడని మనిషికి పోటు హెచ్చుగా నుండుట వేరు, వాడుచుండగా హెచ్చుగా నుండుట వేరు. మొదటిదైనచో ఉన్న మందునే వేసికొమ్మందురు. రెండవదైనచో మందు చాలుట లేదేమోయని యోచింతురు. ఆమెను మందు సరిగా వేసికొనుమని మందలించి పంపివేసిరి. పదిదినముల తరువాత మనుమరాలు వెంట పోయి చెప్పిన గాని నిజము తేలలేదు.

ఆమె మాటలో చిక్కు తెచ్చినది ఒక్క పదము, "విల్". ఆ తప్పు ఆమె యొక్కతెదే కాదు, మనలో నూటికి తొంబదిమంది చేయునదే. కారణము బుద్ధిమాంద్యము కాదు, మన భాష నడచు తీరు.

"రేపు ఐదు గంటలకు లేస్తాను" అందుము. "రోజూ ఐదు గంటలకు లేస్తాను" అనియు అందుము. మొదటిది రాబోవు పని, రెండవది అలవాటు. అయినను క్రియ ఒక్కటే, "లేస్తాను". ఏది రేపటి మాటయో, ఏది నిత్యము జరుగు మాటయో "రేపు", "రోజూ" అను మాటలే తెలుపును. మన వీధిభాషయైన కన్నడమును ఇట్టిదే. "నాళె ఏళుత్తేనె", "దినా ఏళుత్తేనె" అన్నప్పుడు క్రియ మారదు. కావున మనకు రెండు భాషలు వచ్చినను ఈ విషయమున రెండింటను ఒక్కటే అలవాటు పడినది. ఇంగ్లీషులో ఈ రెండును వేరు. రేపటి పనికి "ఐ విల్ గెట్ అప్", నిత్యపు అలవాటునకు వట్టి "ఐ గెట్ అప్". అలవాటు చెప్పునపుడు "విల్" చేర్చితిమా, ఎదుటివానికి అది మాట యిచ్చినట్లు వినబడును గాని చేయుచున్నట్లు వినబడదు.

ఈ భేదము మన భాషకు తెలియనిది కాదు. పరవస్తు చిన్నయసూరి గారు బాలవ్యాకరణమున భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు "తద్ధర్మము" అని వేరొక అర్థమును చెప్పిరి. సూర్యుడు తూర్పున ఉదయించును, ఆవు గడ్డి మేయును అనునవి తద్ధర్మములు. అవి నిన్నటి మాటలును కావు, రేపటి మాటలును కావు. చేయువాని స్వభావమును, అలవాటును తెలుపు మాటలు. గ్రంథభాషలో "లేచును" అనునది అలవాటు, "లేవగలడు" అనునది రాబోవు పని. నేటి వాడుకలో ఆ రెండును కలిసిపోయి "లేస్తాడు" అయినది. కావున ఇంగ్లీషువారి ఈ రూపమును చూచి జంకవలదు. "ఐ గెట్ అప్" అన్నది మన తద్ధర్మమే, వేషము మాత్రము వేరు. ఈ ఒక్క పోలిక మనసున నాటినచో నేటి పాఠములో సగము వచ్చినట్లే.

ఇక దినచర్యను మొదలు పెట్టుదము. తెల్లవారినది మొదలు రాత్రి వరకు మనము చేయు పనులను చిన్న చిన్న వాక్యములుగా చెప్పుకొందము. ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్. ఐ స్వీప్ ది యార్డ్. ఐ డ్రింక్ కాఫీ. ఐ కుక్. ఐ గో టు ది షాప్ ఎట్ నైన్. ఐ కమ్ హోమ్ ఎట్ సెవెన్. ఐ స్లీప్ ఎట్ టెన్. ఇందు పెద్ద మాట ఒక్కటియు లేదు. కల్లాపికి, ముగ్గునకు ఇంగ్లీషు మాట వెదకి అలసిపోవలదు. ఇంటిముందు నీళ్ళు చల్లుదునని చెప్పి, ముగ్గును ముగ్గనియే అనవచ్చును. దోసెను మనము ఎవరి కొరకును పేరు మార్చలేదు గదా.

మనకు లేస్తాను, లేస్తావు, లేస్తాడు, లేస్తుంది, లేస్తాము, లేస్తారు అని మనిషి మారినకొలది క్రియ తోక మారును. ఇంగ్లీషులో ఐ, యు, వి, దే అను నాలుగింటికిని "గెట్ అప్" ఒక్కటియే. హి, షి, ఇట్ అను మూడింటికి మాత్రము చివర ఒక "స్" చేరును. హి గెట్స్ అప్. షి గెట్స్ అప్. మై సన్ వర్క్స్ ఇన్ ఎ ఫ్యాక్టరీ. ఆరు తోకలను పసితనముననే నేర్చిన మనకు ఈ ఒక్క తోక బరువా? కాని చిన్నదగుటచేతనే దానిని మరతుము. కావున కొన్నాళ్ళు దానిని కొంచెము ఒత్తి పలుకుడు.

ఇక్కడ మన కోడండ్రకు ఒక సంకోచము కలుగును. "మా మామగారు నాలుగింటికే లేస్తారు" అనుటకు "మై ఫాదర్ ఇన్ లా గెట్స్ అప్ ఎట్ ఫోర్" అనవలెనన్నచో నాలుక వెనుకాడును. ఏకవచనమున పెద్దవారిని అన్నట్లుండునని కొందరు మర్యాదకై "దే గెట్ అప్" అందురు. వినువాడు ఆ యింట ఇద్దరు మామగార్లు ఉన్నారనుకొనును! ఇంగ్లీషున గౌరవము క్రియ తోకలో లేదు. ప్లీజ్, థాంక్యూ, సర్, మేడమ్ అను మాటలలోను, గొంతులోని మెత్తదనములోను ఉన్నది. కావున "హి" యన్నంత మాత్రమున మామగారికి అమర్యాద జరుగదు.

అలవాట్లలో తప్పనివి, తరచైనవి, అప్పుడప్పుడు జరుగునవి ఉండును. ఆల్వేస్ అనగా ఎల్లప్పుడు, యూజువలీ అనగా సాధారణముగా, ఆఫెన్ అనగా తరచుగా, సమ్‌టైమ్స్ అనగా అప్పుడప్పుడు, నెవర్ అనగా ఎన్నడును లేదు. ఇవి సాధారణముగా క్రియకు ముందు వచ్చును. మనమును "తరచుగా కాఫీ తాగుతాను" అని క్రియకు ముందే చెప్పుదుము గదా. కష్టమెల్ల నెవర్ తోనే. "నేను ఎప్పుడూ కాఫీ తాగను" అన్నప్పుడు మనకు లేదనుట క్రియలో నున్నది. ఇంగ్లీషులో ఆ పని నెవర్ చేయును. కావున "ఐ నెవర్ డ్రింక్ కాఫీ" అనిన చాలును, మరల "డోంట్" చేర్చరాదు. చేర్చినచో లేదనుట రెండు మారులై అర్థము తలక్రిందులగును.

ఎదుటివారు అడుగు ప్రశ్నను గుర్తించుటయు అవసరమే. అలవాటు నడుగునపుడు "డు యు" అని వచ్చును. వాట్ టైమ్ డు యు ఈట్? డు యు టేక్ దిస్ టాబ్లెట్ ఎవ్రీ డే? చెవికి "డు యు" తగిలినచో అలవాటు నడుగుచున్నారని తలపుడు. జవాబులో "విల్" తేవలదు. ఇప్పుడు, ఈ క్షణమున చేయుచున్న పనికి మాత్రము వేరు రూపము గలదు. ఫోను మ్రోగినది, ఏమి చేయుచున్నారని అడిగిరి, చేతిలో గరిటె యున్నది: ఐ యామ్ కుకింగ్. ప్రతిదినము చేయు వంటకు ఐ కుక్.

గతించిన అలవాట్లకును ఒక రూపమున్నది. "మా చిన్నతనంలో బావిలో నీళ్ళు తోడుకొనేవాళ్ళం" అనుటలో "కొనేవాళ్ళం" అను మాట ఎంత చక్కనిది! అప్పుడు ఉండెను, ఇప్పుడు లేదు అను భావమంతయు అందున్నది. ఇంగ్లీషున దానికి "యూస్ట్ టు" అందురు. వి యూస్ట్ టు డ్రా వాటర్ ఫ్రమ్ ది వెల్. ఇంగ్లీషు బడిలో చదువు మనుమలకు అమ్మమ్మ ఈ వాక్యము చెప్పినచో, ఆ వెంటనే "తోడుకొనేవాళ్ళం" అను తెలుగు మాటను కూడ వారికి చెప్పుటకు త్రోవ దొరకును. అది మాకు ఇంగ్లీషు వచ్చుటకంటె ఎక్కువ సంతోషము.

ఇన్ని మాటలు ఎట్లు పట్టువడునని దిగులు వలదు. ఆగ్డెన్ అను పండితుడు 1930లో 850 మాటలతోనే సామాన్య వ్యవహారము నడపవచ్చునని ఒక పట్టిక కూర్చెను. బెంగాలు దేశమున పిల్లల చదువు చూచిన మైకేల్ వెస్ట్ 1953లో వెలువరించిన పట్టికలో సుమారు 2000 మాటలున్నవి. మన దినచర్యకు అందు చిన్నభాగము చాలును. బడి ఉపాధ్యాయులకు ఇంగ్లీషు బోధన నేర్పుటకు బెంగుళూరున 1963లో దక్షిణభారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ వెలసినది. ఇల్లు నడపు తల్లికి, అంగడి నడపు తండ్రికి ఇట్టి చిన్న తరగతియే సంస్థ.

పెద్దవయసున భాష రాదనువారికి ఒక్క పేరు చెప్పెదము. సి.పి. బ్రౌను దొర 1817లో మద్రాసునకు వచ్చి, 1820లో కడపకు కొలువునకై పోయెను. తెలుగు ఆయనకు ఉగ్గుపాలతో వచ్చినది కాదు, పెరిగిన తరువాత మనవారి వద్ద కూర్చుండి అడిగి నేర్చినదే. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయి నేటికిని మన బల్లలమీద నున్నది. మనకు నిఘంటువు వ్రాయవలసిన పని లేదు. మాత్ర వేసికొందునని తెలుపగలిగిన చాలును.

ఇంగ్లీషు వచ్చినచో ఇంట తెలుగు పోవునని కొందరికి భయమున్నది. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లోనే, ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని అందున్నది. ఆ హక్కును నిలుపుకొనుట ఒక పని, వైద్యుని యెదుట నోరు పెగల్చుకొనుట ఇంకొక పని. మొదటిది వీడవలెనని రెండవది ఎన్నడును కోరదు. ఇంట తెలుగు తెలుగుగనే యుండవలెను. ఇరుగుపొరుగుతో కన్నడము కన్నడముగనే యుండవలెను. అక్కర పడినచోట ఇంగ్లీషు అక్కరకు రావలెను.

ఈ వారము ఇంటికి చిన్న పని. రాత్రి భోజనమైన పిమ్మట పది నిమిషములు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ప్రతివారును తమ దినచర్య ఐదు వాక్యములలో చెప్పవలెను. తరువాత ప్రక్కవారి దినచర్య ఐదు వాక్యములలో చెప్పవలెను. మొదటిదానిలో "విల్" దొర్లినవారును, రెండవదానిలో "స్" మరచినవారును మరల చెప్పవలెను. పిల్లలు దిద్దినచో కినుక వహింపవలదు. వారికి తెలుగు పద్యము దిద్దు దినము మనకును వచ్చును.

మేము చెప్పిన ఆ పెద్దమ్మగారు నేడు ఈ వరుసలోనే కూర్చున్నారు, పేరు చెప్పము. గడచిన మారు వైద్యశాలకు పోయినపుడు ఆమె తోడు లేకయే పోయి, "ఐ టేక్ వన్ టాబ్లెట్ ఎవ్రీ మార్నింగ్" అని చెప్పి వచ్చిరట. వైద్యుడు తల యూచి, పోటు కొలిచి, చీటీమీద వ్రాసికొనెనట. ఇంటికి వచ్చి ఆమె మనుమరాలితో ఆ సంగతి తెలుగులోనే చెప్పిరి.