ప్రతిభ - ఆత్మగౌరవం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మహాకవులలోని సహజ ప్రతిభ వారి స్వభావాన్ని ఎలా మలుస్తుందన్నది ఈరోజు నా అంశం. పది పేర్లు చెప్పేకన్నా ఒక్క గుర్రం జాషువాగారి గురించి చెప్పుకుందాం.

ఆయన 1895లో వినుకొండలో పుట్టారు. అంటరానితనం చిన్ననాటి నుంచీ వెంటాడింది. బతుకుతెరువుకోసం మూకీ సినిమాలకు కథ చదివి వినిపించారు, బడిలో తెలుగు చెప్పారు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకులుగానూ పనిచేశారు. పద్యాన్ని మాత్రం వదల్లేదు.

ప్రతిభ ఉన్నవాడి మనసు సున్నితం. మనం నాలుగు రోజుల్లో మరిచిపోయే చిన్నచూపు కవిని ఏళ్ల తరబడి గుచ్చుతుంది. ఆ బాధ కొందరిని చేదుగా మారుస్తుంది. జాషువాగారి విషయంలో అది 1941లో ‘గబ్బిలం’ అయింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. జాషువాగారి నిరుపేద, తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని కాశీకి పంపాడు. ఎందుకంటే గబ్బిలం గుడిలోకి పోగలదు, అతను పోలేడు! ఇంతకన్నా పెద్ద అభియోగం ఏముంటుంది? అందులో తిట్టు లేదు. పండితులు తమ సొత్తనుకున్న ఛందస్సులోనే వారికి సమాధానం చెప్పారు.

అంతకుముందే 1932లో ‘పిరదౌసి’ రాశారు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు చివరికి వెండి నాణేలు పంపితే, ఆ పారశీక కవి వాటిని ముట్టలేదన్న కథ అది. చరిత్రలో అందులో ఎంత నిజమో పక్కన పెడదాం. జాషువాగారు ఆ కథనే ఎందుకు ఎంచుకున్నారో చూడండి. తన పని విలువ తనకు తెలిసినవాడిని ఏ రాజూ చిన్నబుచ్చలేడు.

ఆయనకు గౌరవాలు రాకపోలేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు గండపెండేరం తొడిగారు. సాహిత్య అకాడమీ బహుమతి 1964లో, పద్మభూషణ్ 1970లో వచ్చాయి. మరుసటి ఏడే, 1971లో, ఆయన కన్నుమూశారు. వాటికోసం ఆగి ఉంటే ‘గబ్బిలం’ పుట్టేదా?

ప్రతిభ ఉన్న ప్రతివాడికీ ఇంత గుణం ఉంటుందని నేననను. కానీ మనకిందులో రెండు మాటలున్నాయి. ప్రమోషన్ బోర్డులో పేరు రాకపోయినా, మెడల్ అందకపోయినా, చేసిన డ్యూటీ విలువ తగ్గదు. రెండోది, పై ర్యాంకులో ఉన్నవారికి. మనకింద పనిచేసే కుర్రాడిలో ఏ ప్రతిభ దాగుందో మనకు తెలియదు. అతని పుట్టుకనుబట్టో, యాసనుబట్టో ఒక్క మాట జారే ముందు జాషువాగారిని తలుచుకుందాం.

సెలవు. జై హింద్.