ఇరువురి నడక

(పాఠశాల వార్షికోత్సవమున జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



ఏటేట ఈ వేదికనుండి మేము పరీక్షాఫలితములను, హాజరుపట్టికను గూర్చి మాటలాడుట మీకు వాడుకయే. ఈ యేడు కార్యవర్గమువారు "లెక్కలు చాలించి ఏదేని లోకానుభవము చెప్పుడు" అని కోరిరి. కావున 2022 వ సంవత్సరము డిసెంబరు సెలవులలో మేమును, మా ధర్మపత్నియు వీపున సంచులు మోసికొని హిమాలయములలో అయిదు దినములు గడపిన వృత్తాంతమును మనవి చేయుచున్నాము. ఏబది దాటిన పంతులుగారికి ఈ బుద్ధి యేల పుట్టెనని ఊరిలో కొందరు నవ్విరి. నవ్వదగినవి ఆ యాత్రలో చాల కలవు. వానినిగూడ దాచక చెప్పెదము.

మా పిల్లలు చదువులు ముగించి ఉద్యోగములకై దూరము పోయిరి. ఇంటిలో ఇద్దరమే మిగిలితిమి. ఇరువది యెనిమిదేండ్ల కాపురములో మేము కలిసి చేసిన ప్రయాణములు పెండ్లిండ్లకు, పురుళ్ళకు, పరామర్శలకు మాత్రమే. ఎవరి పిలుపును లేక, ఊరక కలిసి నడచినది ఒక్క దినమును లేదు. ఒకనాటి సాయంకాలము ఆమెయే అడిగెను: "ఏమండీ, మోకాళ్ళు బాగున్నప్పుడే ఒక్కసారి మంచుకొండలు చూసొద్దామా?" ఆ మాటయే మా ప్రయాణమునకు ముహూర్తము.

పశ్చిమ వంగరాష్ట్రములోని డార్జిలింగు జిల్లాకును నేపాళదేశమునకును నడుమ సింగలీలా యను కొండవరుస కలదు. అందు కొంతభాగమును 1992 లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. ఆ వరుసమీద సందక్‌ఫూ యను చోటు 3,636 మీటర్ల యెత్తున నున్నది. ఆ రాష్ట్రములో అంతకంటె ఎత్తైన చోటు లేదు. మన పొరుగుననున్న మహేంద్రగిరి 1,501 మీటర్లు. దానిపై రెండవ మహేంద్రగిరిని నిలిపినను సందక్‌ఫూకు ఆరువందల మీటర్లు తక్కువే యగును. మానేభంజన్ అను చిన్న ఊరినుండి పైకి 31 కిలోమీటర్లు. జీపులు పోవును గాని, నడవదలచినవారు తుమ్లింగ్, కాలిపోఖ్రి అను మజిలీలలో రాత్రులు గడపి మూడవనాటికి చేరుదురు. దారి ఒకచో మన దేశములోను, మరియొకచో నేపాళములోను సాగును. హద్దు గుర్తించుటకు రాళ్ళు తప్ప మరేమియు కనబడవు.

మూడు నెలలు ప్రతి ఉదయము నడక సాధన చేసితిమి. బయలుదేరు ముందు వీధి చివరి కొట్టులో సంచులను తూచితిమి. మోయువాని బరువులో అయిదవ వంతుకంటె సంచి బరువు మించరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. మా సంచి పదకొండు కిలోలు, ఆమెది తొమ్మిది. తగ్గింపవలసివచ్చి రెండింటిని విప్పితిమి. మా సంచిలో మా పుస్తకములు రెండు, మా బూట్లు రెండవ జత, మా దూరదర్శిని యున్నవి. ఆమె సంచిలో పులిహోర పులుసు సీసా, మా రక్తపుపోటు మాత్రలు, మాకు రెండవ శాలువ, మాకు వేడినీళ్ళ రబ్బరు సంచి యున్నవి. ఆమెకని వేరుగా కొన్నది ఒక ఉన్ని మేజోళ్ళ జత మాత్రమే. కొట్టు యజమాని ఏమియు అనలేదు గాని, పుస్తకములు అక్కడనే విడిచివచ్చితిమి.

హౌరామీదుగా న్యూ జల్పాయిగుడి చేరి, అచటినుండి మోటారులో మానేభంజన్ చేరితిమి. అచట స్థానికుడైన మార్గదర్శిని వెంటబెట్టుకొని పోవలెనను నియమము కలదు. మాకు కుదిరినవాడు ఇరువదియైదేండ్ల నేపాళీ యువకుడు. బయలుదేరినంతనే దారి నిట్టనిలువుగా లేచినది. మేము గుండె నిబ్బరము చూపదలచి ముందు నడచితిమి. ప్రతి వంపువద్దను కూర్చుండి వెనుకకు చూచుటయు, ఆమె వగర్చుచు వచ్చి చేరినంతనే "ఇక పోదమా?" అని లేచుటయు మా పద్ధతియై యుండెను. నాలుగైదు వంపులు దాటిన పిమ్మట ఆమె కఱ్ఱ నేలకానించి నిలిచి ఇట్లనెను: "మీరు కూర్చుని లేస్తున్నారు. నేను వచ్చేసరికి లేస్తున్నారు. మరి నాకు కూర్చునే వంతు ఎప్పుడండీ?"

మాకు బదులు తోచలేదు. ఆ ప్రశ్న కొండను గూర్చినది మాత్రమే కాదని మాకు తెలియును. ఇంటిలో అందరును తిని లేచిన తరువాత ఆమె కూర్చుండును. ఆమె కూర్చున్నంతనే ఎవరో ఒకరు మంచినీళ్ళడుగుదురు. ఆ యడుగువారిలో మొదటివారము మేమే.

మార్గదర్శి మా మాటలెరుగకున్నను మా ముఖములను చదివెను. "బిస్తారై, బిస్తారై" అనెను. మెల్లగా, మెల్లగా అని దాని యర్థము. కొండదారిలో మెల్లగా నడచువారే ముందు నడవవలెననియు, వెనుకవారు ఆ యడుగుననుసరింపవలెననియు అతడు హిందీలో బోధించెను. నాటినుండి ఆమె ముందు, మేము వెనుక. చిత్రమేమన, గంటకొకసారి కూర్చుండుట తప్ప నడుమ ఆగవలసిన పని లేకపోయెను. మా కాళ్ళును అలయలేదు. అంతకు ముందు పరుగెత్తి అలసి, కూర్చుండి చల్లారి, మరల పరుగెత్తుటలో మా బలమంతయు వ్యర్థమగుచుండెనని అప్పుడు తెలిసినది.

కష్టములను గూర్చి చెప్పెదము. మొదటిది చలి. వేయి మీటర్లెక్కినకొలది సుమారు ఆరున్నర డిగ్రీలు వేడిమి తగ్గును. నూలుచొక్కా చెమటకు తడిసి, నిలిచినంతనే మంచుముద్దవలె వీపునకంటుకొనును. అచట ఉన్నియే గతి. రాత్రి బక్కెట్టులోని నీరు తెల్లవారుసరికి పెచ్చుకట్టి, చెంబుతో కొట్టిన గాని పగులలేదు. రెండవది భోజనము. ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ గనుక కాలిపోఖ్రివద్ద నీరు సుమారు 90 డిగ్రీలకే మరగును. మూతబిగించు కుక్కరు లేనిదే పప్పు ఉడుకదు. మా యావిడ పప్పు గింజను వ్రేళ్ళతో నొక్కిచూచి, "వీళ్ళ ఓర్పుకు దండం పెట్టాలి" అనెను. మూడవది గాలియే. సందక్‌ఫూవద్ద గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండు వంతులకు మించదు. దాని ఫలమును మేము రెండవనాటి రాత్రియే అనుభవించితిమి.

కాలిపోఖ్రి 3,186 మీటర్ల యెత్తున నున్నది. నల్లని నీటి చెరువు, దాని గట్టున రంగురంగుల ప్రార్థనాపతాకములు, నాలుగైదు ఇండ్లు. మేము చేరునప్పటికి మా తల వెనుక సుత్తితో కొట్టుచున్నట్లుండెను, కడుపులో వికారము. అయినను ఆమెకు చెప్పలేదు. ఇంత దూరము వచ్చి ఆమె కోరిక చెడగొట్టరాదని తలచితిమి. మగవాడను బింకమును కొంత యుండెను. కంచము ముందు కూర్చుండి అన్నము కెలుకుచు లేచితిమి. ఆమె చూచుచునే యుండెను.

రాత్రి కంబళ్ళ క్రింద నిద్రపట్టక పొర్లుచుండగా ఆమె చీకటిలో అడిగెను: "తలనొప్పా?" కాదంటిమి. "ఇరవై యెనిమిదేళ్ళనుంచీ చూస్తున్నాను. కాదన్న తీరులోనే తెలుస్తుంది" అనెను. అంతట ఒప్పుకొంటిమి. ఆమె లేచి దీపము వెలిగించి నీళ్ళు త్రాగించెను. ఆ వెలుతురులో ఆమె మడమ చూచితిమి. రూపాయిబిళ్ళంత బొబ్బ చితికి, మేజోడు దానికంటుకొని యున్నది. మొదటిదినము మధ్యాహ్నముననే అది లేచినదట. "చెబితే మీరు వెనక్కి తిప్పేస్తారని చెప్పలేదు" అనెను.

ఇరువురమును ఒకరి ముఖమొకరము చూచుకొంటిమి. ఒకరి సంతోషమునకై ఒకరము బాధను దాచి, ఇరువురమును అపాయమునకు దగ్గరగుచుంటిమి. మడమ బొబ్బ మాట యటుండగా, ఎత్తువలన కలుగు తలనొప్పిని దాచి ఇంకను పైకి పోవుట ప్రాణాంతకము కాగలదు. మార్గదర్శి తెల్లవారి విషయము విని చెప్పిన నియమములు రెండు: నొప్పి తగ్గువరకు ఒక్క అడుగైనను పైకి పోరాదు, తగ్గక హెచ్చినచో రాత్రియైనను క్రిందికి దిగవలెను. వైద్యులును ఇదే చెప్పుదురు.

ఆ దినము అచటనే నిలిచితిమి. మజిలీ యింటి యజమానురాలు పొయ్యికడ పీట వేసి, వెన్న వేసిన ఉప్పు తేనీరు ఇచ్చెను. ఆమెకు తెలుగు రాదు, మా యావిడకు నేపాళీ రాదు. అయినను మధ్యాహ్నమునకు పులిహోర పులుసు సీసా సగము ఆ వంటయింటికి చేరినది, బొబ్బకు పసరుకట్టు మా యింటికి వచ్చినది. ఆ మధ్యాహ్నమంతయు ఎండలో గోడకానుకొని కూర్చుంటిమి. ఎన్నో యేండ్లుగా చెప్పుకొనని సంగతులు చెప్పుకొంటిమి: మా తల్లి జబ్బునాటి అప్పులు, పెద్దమ్మాయి పెండ్లినాడు ఆమె మెడలోని గొలుసు ఏమైనదో, ఇంకను పెక్కు. కొన్నిటికి నవ్వితిమి, ఒకటి రెంటికి నవ్వలేకపోతిమి. యాత్రలో మేమడుగు వేయని దినము అదియొక్కటే. మా మనసున నిలిచిన దినమును అదియే.

మరునాటికి తల తేలికపడెను. ఆమె సంచిలోని బరువు సగము మా సంచిలోనికి మార్చుకొని, చివరి ఆరు కిలోమీటర్లు నాలుగు గంటలలో ఎక్కితిమి. మరునాడు సూర్యోదయమునకు ముందే శాలువలు కప్పుకొని గట్టుమీద నిలిచితిమి. లోయలన్నియు మేఘములతో నిండి పాలసముద్రమువలె నుండెను. ఉత్తరమున 8,586 మీటర్ల కాంచనగంగ మొదట గులాబీరంగు, పిదప బంగారువన్నె దాల్చినది. ప్రక్కనున్న శిఖరములతో కలిసి అది వెల్లకిల పండుకొనిన మనిషివలె కనబడును గనుక జనులు నిద్రించు బుద్ధుడని పిలుతురు. ఆ రూపములో తలయైన శిఖరము పేరు కుంభకర్ణ; ఎత్తు 7,710 మీటర్లు. నిద్రించు రూపమునకు ఆ తల తగినదేయని ఆమె నవ్వెను. వాయవ్యమున లోత్సే, మకాలు, వాని నడుమ 8,848.86 మీటర్ల ఎవరెస్టు. లోకములోని అయిదు అత్యున్నత శిఖరములలో నాలుగు ఒక్కచోటినుండి కనబడెను. ఆమె ఏమియు అనలేదు. మా చేయి పట్టుకొని నిలిచెను. బహిరంగముగా ఆమె మా చేయి పట్టుట పెండ్లిపీటల తరువాత అదే మొదలు.

అచటినుండి ఫాలూట్ అను చోటికి మరి 21 కిలోమీటర్లు పోవలెనని మా మొదటి సంకల్పము. కాలిపోఖ్రిలో ఒక దినము గడచినందున సెలవులు చాలవు. మానుకొంటిమి. శ్రీఖోలావైపు దిగుడుదారిలో మా మోకాళ్ళు వణకినవి. మడమకు కట్టుతో ఆమెయే ముందు నడచి, కఱ్ఱ అందించి మమ్ము దింపెను. ఎక్కుటలో ఒకరు, దిగుటలో ఒకరు బలవంతులగుట కొండయే చూపినది.

అయ్యలారా, అమ్మలారా! ఈ కథ మీకు చెప్పుటకొక కారణము కలదు. ఆ సెలవుల తరువాత మన బడిలో ఒక బాలుడు లెక్కలలో వెనుకబడుచుండెను. సోమరి యని మేము తలచితిమి. విచారింపగా వానికి నల్లబల్లమీది అంకెలు కనబడకుండెను. కంటియద్దములకు ఖర్చగునని వాడు తండ్రికి చెప్పలేదు. తల్లి యెరిగియు, ఆయనకు పని లేని రోజులని భర్తకు చెప్పలేదు. తండ్రికి ఆ మాట తెలిసిననాడు, "ఒక్కమాట అనకూడదా?" అని ఆమెను మా గదిలోనే అడిగి, కన్నీరు పెట్టుకొనెను. ఇందులో దుర్మార్గులెవ్వరును లేరు. అందరును ప్రేమచేతనే దాచిరి. ఒక సంవత్సరము పోయినది. బిడ్డ ముఖము చూచి అడుగవలసిన మేమును అడుగలేదు. ఆ తప్పులో మా పాలు పెద్దది.

మరియొక మాట. ఒడియా వీధులలో పెరుగు మన పిల్లలకు ఇంటిలో తెలుగక్షరము దిద్దించు పని పెక్కు ఇండ్లలో ఒక్కరి సంచిలోనే యున్నది. ఒకచో తల్లి, ఒకచో తాత. తక్కినవారు ముందు నడచి, వంపువద్ద కూర్చుండి, "ఇంకను రాలేదా?" అని అడుగుచున్నారు. ఆ సంచిని ఒక్కసారి విప్పి తూచుకొనుడని మా విన్నపము. మెల్లగా నడచు బిడ్డను ముందు నడువనిండు.

మా యింటిలో కలిగిన మార్పు చిన్నది. రాత్రి భోజనమునకు ఇప్పుడు రెండు పీటలు ఒక్కసారియే వేయుదుము. మంచినీళ్ళ చెంబు మా ప్రక్కననే యుండును. ఎప్పుడైన అలవాటున ముందుగా లేవబోయినచో ఆమె "బిస్తారై" అనును. మరల కూర్చుందుము.

సెలవు.