తాటి టెంక – దాని నిరీక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ ఉత్సవ సందర్భమున మొక్కల పెంపకమును గురించి మాటలాడుమని నిర్వాహకులు నన్ను కోరినారు. నేను తాటిచెట్టును ఎన్నుకొంటిని. మన పూర్వుల గ్రంథములు తాళపత్రములపై వ్రాయబడినవి గనుక, ఈ సభకు ఈ చెట్టు పరాయిది కాదు.

చలిదేశములందు పియొనీ అను పూలమొక్క కలదు. ఆకురాలు కాలమున దాని వట్టి దుంపను మన్ను దులిపి తెచ్చి నాటుదురు. 2 అంగుళములకు మించి లోతుగా పాతినచో అది సరిగా పూయదు. మూడవ యేడు వచ్చినగాని తన నిండుదనమును చూపదు. కుదురుకొనిన పిమ్మట 50 ఏండ్లయినను పూయగలదు. గట్టి చలి తగులనిదే మొగ్గ తొడుగదు గనుక వెంకటాచలము ఎండలలో అది బ్రదుకదు. అయినను, వేరు కుదురువరకు వేచియుండు విద్యను నేర్చుటకు మనము చలిదేశములకు పోనక్కరలేదు. మన యిసుకనేలలోని తాడియే అందుకు చాలిన గురువు.

తాటిపండ్లు శ్రావణ భాద్రపదములందు పండి రాలును. టెంకను భూమిలో పాతినచో మొలక పైకి రాదు. గొట్టమువలె నిలువున క్రిందికి దిగును. ఆ గొట్టము కొనయందే రాబోవు చెట్టు దాగియుండును. మన తీరమునకు వానలలో ఎక్కువ భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు ఈశాన్య ఋతుపవనముల వలననే కురియును. సరిగా ఆ తడినెలలలోనే మొలక లోతునకు చేరి, ఎండకాలమునకు ముందే తన చోటు చూచుకొనును. పైనుండి చూచువారికి ఉత్త నేలయే కనబడును.

సంక్రాంతి నాటికి దానిని త్రవ్వితీసినచో అదియే తేగ. కాల్చినను, ఉడికించినను రుచియే. టెంకలోని బుర్రగుంజు పిల్లల పాలిటి మిఠాయి. కాని తేగను తిన్నచో చెట్టు లేదు. త్రవ్వక వదలిన టెంకకు కొన్ని నెలల పిమ్మట ఒంటి ఆకు నేలపైకి వచ్చును. మ్రాను లేచుటకు మరికొన్ని ఏండ్లు పట్టును. పూతకు 12 మొదలు 20 ఏండ్లు కావలెను. ఆ పూత వచ్చువరకు అది పోతుతాడో, కాయలు కాచునదో తెలియదు. అంతవరకు ముంజలను ఆశించి నీరు పోసినవానికి పోతుతాడే దక్కవచ్చును. ఈ సంగతి యెరిగియే నాటవలెను.

పూర్వము ఇంటికప్పునకు ఆకు, దూలమునకు మ్రాను కావలసియుండెను గనుక జనులు తాడిని కాపాడుకొనిరి. నేడు మిద్దెలు వచ్చినవి. తాళ్లు ఇటుకబట్టీలకు కట్టెలగుచున్నవి. పాతికేండ్ల చెట్టు ఒక పూటలో నేలకూలును. దాని స్థానమును మరియొకటి పూరించుటకు మరల పాతికేండ్లు కావలెను. పొరుగున తాడిని రాష్ట్రవృక్షముగా గౌరవించు తమిళనాడు ప్రభుత్వము 2021లో తాటివిత్తనములను నాటించు పథకమును ప్రకటించి, కలెక్టరు అనుమతి లేనిదే చెట్టును కొట్టరాదని నిబంధించినది. మనము ఉత్తరువుల కొరకు వేచియుండనేల?

పద్ధతి సులభము. రాలిన పండునుండి తీసిన టెంకలను పదేసి అడుగుల ఎడమున, ఒక్కొక్క కుదురున మూడేసి చొప్పున, నాలుగంగుళముల లోతున పాతుడు. సంక్రాంతికి రెండు తేగలను పిల్లలకిండు, మూడవదానిని కదపకుడు. తాడి లేతమొలకను పెరికి వేరొకచోట నాటినచో సాధారణముగ బ్రదుకదు గనుక, చెట్టు ఎచ్చట నిలువవలెనో అచ్చటనే విత్తవలెను. మేకలు కొరుకకుండ ముండ్లకంప వేయుడు. మొలచినదా లేదా అని త్రవ్వి చూడకుడు.

ఈ గ్రంథాలయము తలుపు తెరచిననాడు ఎవరైన ఒక టెంకను పాతియుండినచో, నేడు ఆ చెట్టు క్రింద పిల్లలు ముంజలు తినుచుందురు. ఆనాడు పుస్తకములు కొనినవారు చెట్టు నాటలేదు. అది వారి లోపము కాదు, వారు చేయదగినది వారు చేసిరి. చెఱువుకట్ట మీద నాటవలసిన వంతు మనది. స్వర్ణోత్సవమునకు వచ్చువారిలో మనలో అందరము ఉండకపోవచ్చును. కావున వచ్చు భాద్రపదమున, ఇచ్చటి చదువరులు ఒక్కొక్కరు మూడేసి టెంకలతో చెఱువుకట్టకు రావలసినదిగా ప్రార్థించుచున్నాను.