చొక్కామీది అక్షరము

సాయంకాలవేళ పట్టణ వీధిలో నిలిచి చూచినచో యువకుల చొక్కాలపై లావుపాటి అక్షరములు కానవచ్చును. అవి యొకదానిపై నొకటి వాలి, ఉబ్బి, కొన్నియెడల చదువుటకే రాకుండును. ఇంటిలోని పిల్లలు అట్టి చొక్కాను కోరినపుడు, "ఈ పిచ్చిరాతకు ఇంత ధర యేల?" అని మనము విసుగుకొందుము. ఆ పిచ్చిరాత వెనుక ఏబదియేండ్ల చేతిపని కలదు. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేసెదము.

1973 ఆగస్టు 11వ తేదీన, న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నంబరు భవనమున సిండీ క్యాంప్‌బెల్ అను అమ్మాయి ఒక వేడుక నేర్పాటు చేసెను. బడి తెరచులోపల క్రొత్తబట్టలకు సొమ్ము కూర్చుకొనుట ఆమె యుద్దేశము. ప్రవేశమునకు ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. ఆహ్వానము అట్టముక్కలపై చేతితో వ్రాసినదే. గ్రామఫోను రికార్డులు వేసినవాడు ఆమె యన్న, కూల్ హెర్క్. హిప్-హాప్ సంస్కృతికి ఆ దినమునే పుట్టినదినముగా చెప్పుకొనుచున్నారు. క్రొత్తబట్టల కోరికయు, చేతివ్రాత అట్టముక్కయు ఆనాడే యుండుట మాకు ముచ్చట గొలుపుచున్నది.

ఆనాటి బ్రాంక్స్ ఇండ్లు తగులబడుచు, పనులు దొరకక క్రుంగియున్న పేట. పత్రికలో ప్రకటన వేయించుటకు కచేరీలవారికి సొమ్మెక్కడిది? కరపత్రమే వారికి పత్రిక. వానిని తీర్చినవారిలో బడ్డీ ఎస్క్వైర్ అగ్రగణ్యుడు. "కరపత్రముల రాజు" అని పేరొందెను. అతడు మొదట గోడలపై వ్రాసెను, పిదప బట్టలపై రంగులు వేసెను, 1970ల చివర కరపత్రములకు దిగెను. కళాశాలలో నేర్చినవాడు కాడు. గ్రంథాలయమునుండి అక్షరరచనా గ్రంథములు తెచ్చుకొని సాధన చేసెను. రుద్దినచో కాగితమునకు అంటుకొను అచ్చక్షరములు, కత్తిరించిన ఫొటోలు, రూళ్ళకర్ర, సిరా ఇవియే యతని సామగ్రి. 1920, 30ల నాటి భవనములందలి అలంకారరేఖలను అతడు మెచ్చి తన కాగితమునకు దింపెను. బడి వ్యాయామశాలలో జరుగు కచేరీకైనను రాజమందిరపు విందునకు వలె పిలుపు పంపెడివాడు. పేదవాని కచేరీకి పేదకాగితము చాలునని యతడు తలపలేదు. తరువాత వచ్చిన దంతయు ఈ పట్టుదలనుండియే పుట్టినదని మా యభిప్రాయము. అతని సమకాలికుడైన ఫేజ్ 2, రైలుపెట్టెలపై ఉబ్బిన అక్షరములను తీర్చి, పిదప కరపత్రములును వ్రాసెను. నేటి చొక్కాలపై ఉబ్బిన రాతకు మూలమదియే.

1986లో క్వీన్స్ పేటయందు షర్ట్ కింగ్స్ అను మిత్రబృందము అంగడి పెట్టి, రంగును గాలితో చిమ్ము పరికరముతో చొక్కాలపై కొన్నవాని పేరును, బంగారుగొలుసులు ధరించిన కార్టూను బొమ్మలను చిత్రించి యిచ్చుచుండెను. అదే క్వీన్స్‌లో 1992లో డేమండ్ జాన్ మిత్రులతో ఫుబు అను సంస్థను ఆరంభించెను. "మా కొరకు, మా చేతనే" యని ఆ పేరునకు భావము. అతని తల్లి యిల్లు తాకట్టు పెట్టి లక్ష డాలర్లు తెచ్చియిచ్చెను. కుట్టుమిషనులు ఆ యింటనే నడచినవి.

ఇక హార్లెం దర్జీ డాపర్ డాన్ సంగతి. 1982లో 125వ వీధిలో దుకాణము తెరచి, యూరపు సంస్థల వ్యాపారముద్రలను తోలుపై తానే అచ్చువేసి, ఆ సంస్థలు కలనైన ఊహింపని కోటులను గాయకులకు కుట్టియిచ్చెను. సోదాలు, దావాలు రాగా 1992లో దుకాణము మూతపడినది. పరుల ముద్రను అనుమతి లేక వాడుట న్యాయమని మే మనము. కాని 2017లో గూచీ సంస్థ ప్రదర్శించిన కోటు, అతడు 1989లో పరుగుపందెముల క్రీడాకారిణి డయాన్ డిక్సన్‌కు కుట్టినదానిని పోలియుండెను. ముద్ర మాత్రమే వేఱు. ఆమెయే రెండు ఫొటోలను ప్రక్కప్రక్కన పెట్టి లోకమునకు చూపెను. దర్జీ చేసినపుడు దొంగతనమైనది, సంస్థ చేసినపుడు గౌరవార్పణ మెట్లగును? ప్రజలు ఈ మాటనే యడిగిరి. తుదకు గూచీ వారు అతనితో పొత్తు కుదుర్చుకొనిరి. 2018లో హార్లెంలోనే అతని కార్యశాల మరల తెరవబడినది.

బడ్డీ ఎస్క్వైర్ 2014లో మరణించెను. అతని కరపత్రములు కార్నెల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున, 2007లో ఏర్పడిన హిప్-హాప్ సేకరణలో, ఇతర వ్రాతప్రతుల ప్రక్కన భద్రముగా నున్నవి.